కొండదారిలో ఆగిన జీపు

చిట్టిదొర నెల రోజులుగా ఒక పాత డీజిల్ జీపు చుట్టూ తిరుగుతున్నాడు.

పోయిన వానాకాలంలో అతని వదినను డోలీలో మోసుకుంటూ ఆసుపత్రికి దింపుతుంటే దారిలోనే ప్రాణం పోయింది. కొండ మీది వాళ్ల ఊరికి అంబులెన్సు ఎక్కదు. నాలుగు చక్రాలూ కలిసి లాగే ఇలాంటి బండి అయితేనే ఎక్కుతుంది. చూసి కొనే బాధ్యత ఊరు అతని మీద పెట్టింది.

చూడడమైతే బాగానే చూశాడు. ఇంజను చప్పుడు విన్నాడు, పొగ రంగు చూశాడు, బండి కిందికి దూరి తుప్పు గీకాడు. కనబడిన మేస్త్రీనల్లా అడిగాడు. ఒకాయన బంగారంలాంటి బండి అన్నాడు, ఇంకొకాయన పాత ఇనుమన్నాడు. మనవాడు ఇద్దరికీ తలూపాడు. అనుమానం పెనుభూతం అంటారు కదా, చిట్టిదొరకి అది డీజిల్ వాసనతో పట్టుకుంది.

చివరికి అమ్మేవాడికి విసుగొచ్చింది. "ఇవాళంతా నీ దగ్గరే ఉంచుకో. సాయంత్రానికి ఏ మాటా చెప్పకపోతే తుక్కు కింద ఇచ్చేస్తా" అన్నాడు.

చిట్టిదొర ఆ జీపులోనే కొండ కింద ఆశ్రమానికి వెళ్లాడు. అతని గురువు నీలాంబ అక్కడే ఉంటుంది. ఎనభై దాటిన ఆవిడను అందరూ అమ్మ అంటారు.

"ఏటి నాయనా నీ బెంగ?" అని అడిగింది అమ్మ.

"మంచి బండేనమ్మా. కానీ పాతది. రోగిని తెస్తుంటే దారిలో ఆగిపోతే ఏటి చెయ్యాలి? ఆ పాపం నాదే కదా!"

అమ్మ లేచింది. లోపలికెళ్లి దుప్పటి తెచ్చుకుంది. జీపు వెనక తలుపు తీసి, ఇనుప నేల మీద పరిచి, రోగిలా వెల్లకిలా పడుకుంది.

"మీ ఊరికి పోనీ" అని కళ్లు మూసుకుంది.

చిట్టిదొర కాదనే ధైర్యం లేక బండి కదిలించాడు. ప్రతి రాయినీ తప్పించాడు, ప్రతి గుంతలోనూ మెల్లగా దించి ఎక్కించాడు. గెడ్డ నీళ్లు దాటి, లోయ అంచున మలుపు తిరుగుతుంటే ఇంజను రెండుసార్లు దగ్గి ఆగిపోయింది.

అతను భయపడినదే జరిగింది. వెనక్కి చూశాడు. అమ్మ కదల్లేదు.

దిగి చక్రం వెనక రాయి పెట్టాడు. బానెట్ ఎత్తాడు. డీజిల్ గొట్టంలో గాలి చేరితే ఏం చేయాలో మేస్త్రీలు చెప్పే ఉన్నారు. మర వదులు చేసి ఇంజను పక్కనున్న చిన్న చేతిపంపు నొక్కసాగాడు. నురగ వచ్చింది. అయినా నొక్కుతూనే ఉన్నాడు. బుడగలు పోయి డీజిల్ ధార తిన్నగా వచ్చాక మర బిగించి తాళం తిప్పాడు. ఇంజను అందుకుంది. ఆ చప్పుడుకి లోయంతా మారుమోగింది.

ఊరు చేరాక వెనక తలుపు తీసి అలాగే నిలబడిపోయాడు. అమ్మ నోరు కొంచెం తెరుచుకుని, సన్నగా గురక పెడుతూ నిద్రపోతోంది. తన చేతుల్లో ప్రాణం పెట్టి ఇంత నిశ్చింతగా నిద్రపోయిందా అనుకుంటే అతనికి ఒళ్లు జలదరించింది. లేపడానికి కూడా చెయ్యి రాలేదు. చాలాసేపటికి మెల్లగా పాదాలు తాకాడు.

"వచ్చేశామా?" అంది అమ్మ.

"వచ్చేశామమ్మా. దారిలో బండి ఆగిపోయింది."

అమ్మ ఆశ్చర్యంగా లేచి కూర్చుంది.

"ఆగిందేటి? నాకు తెలీనే లేదు."

చిట్టిదొర నల్లబడిన చేతులతోనే దణ్ణం పెట్టాడు. సాయంత్రం దాకా ఆగలేదు. అక్కడి నుంచే అమ్మేవాడికి ఫోన్ చేసి, బండి తీసుకుంటున్నామని చెప్పాడు.