ఇరుసుకు తొడిగిన చొక్కా

శృంగవరపుకోటలో లారీలు బాగుచేసే అప్పలకొండ మేస్త్రికి, అడిగినదానికి నోటితో బదులు చెప్పే అలవాటు లేదు. అడిగినవాణ్ణి ఏదో ఒక పనిలోకి దింపుతాడు. జవాబు అందులో దొరికితే దొరికినట్టు, లేకపోతే పనైనా అవుతుంది. ఆయన దగ్గరే పని నేర్చుకుని, చెడిపోయిన లారీలను లాగే రికవరీ బండి సొంతంగా కొనుక్కున్న గంగునాయుడికి ఈ సంగతి తెలియనిది కాదు. అయినా ఉండబట్టలేక ఒక పొద్దున అడిగాడు.

“గురువుగారూ, మా హైమని కాలు కందకుండా పెంచినాను. కాకినాడలో నర్సింగు సీటొచ్చింది, హాస్టల్లో ఉంటానంటాది. ఆ తిండి, ఆ దోమలు... నాను పంపనన్నాను. ఎల్లుండితో గడువైపోద్ది. పిల్ల నాతో మాట మానేసింది. పేమగా సూసుకోడం తప్పేటి?”

మేస్త్రి గడ్డం గోక్కున్నాడు. “ఘాట్లో బియ్యం లారీ ఆగిపోయిందట. అరకు దాకా లాగాల. పద,” అన్నాడు.

బండి కొని మూడేళ్లయినా సీట్ల మీది ప్లాస్టిక్ కవర్లు ఊడదీయలేదు. మేస్త్రి చెమటకు వాటికి అతుక్కుపోతూ కూర్చున్నాడు. గంగునాయుడి మురిపెం అక్కడితో ఆగితే బాగుండేది. వెనక ఇరుసు నడుమ కుండలా ఉబ్బి ఉండే డిఫరెన్షియల్‌లో పళ్లచక్రాలు నూనెలో తిరుగుతుంటాయి. క్రితం నెల దాని మూతకు కొత్త రంగు వేయించి, రాయి తగలకుండా, బురద అంటకుండా మందపాటి రెక్సిన్ చొక్కా కుట్టించి తొడిగాడు. కొలతలు తీసుకున్న దర్జీ ఇప్పటికీ నవ్వుకుంటూనే ఉన్నాడు. ఇన్నాళ్లూ మైదానంలో చిన్న బళ్లు లాగాడు కనక ఏమీ కాలేదు.

నిండు లారీని కట్టుకుని ఘాట్ ఎక్కుతుంటే కాసేపటికే మాడు వాసన మొదలైంది. “ఎనక లారీ బ్రేకులు పట్టేస్తన్నట్టున్నాయి,” అన్నాడు గంగునాయుడు. మేస్త్రి ఆపమన్నాడు.

చక్రాలకు రాళ్లు పెట్టి కిందికి దూరితే, రెక్సిన్ మెత్తబడి మూతకు అంటుకుపోయి ఉంది. అంచుల్లోంచి నూనె చెమర్చుతోంది. తాకబోయి వేలు కాల్చుకున్నాడు గంగునాయుడు.

“బురద పడకూడదని తొడిగినానండి!”

“బురదైతే కడిగితే పోద్ది. లోపలి వేడి ఎటు పోద్దిరా?”

కత్తితో చొక్కా కోసి పారేశారు. మూత చల్లారేదాకా పిట్టగోడ మీద కూర్చుని, తగ్గిన నూనె పోసి, మళ్లీ కట్టుకుని ఎక్కారు. దారంతా గంగునాయుడు వాసన పీలుస్తూనే ఉన్నాడు. ఈసారి ఏ వాసనా రాలేదు.

అరకులో లారీని అప్పగించి మళ్లీ కింద చూశాడు. మూత నిండా బురద. ఒకచోట రాయి తగిలి కొత్త రంగు పెచ్చు లేచింది. మనసు చివుక్కుమంది. కానీ నూనె చుక్క కూడా కారలేదు. ఎందుకో తేలికపడి, తనలో తనే నవ్వుకున్నాడు. ఆ నవ్వుతోనే ఫోను తీసి, కూతురి పేరు దగ్గర వేలు ఆపి, మేస్త్రి వైపు తిరిగాడు.

“అక్కడ ఎండుంటాది గురువుగారూ. వానుంటాది. దోమలుంటాయి.”

“ఉంటాయి,” అన్నాడు మేస్త్రి. “గాలి కూడా ఉంటాది.”