వాగు గీసిన గీత

అనగనగా ఒక అడవి, ఆ అడవిలో ఒక వాగు. పొద్దున్నే ఆ వాగు మీద తెల్లటి మంచు తేలుతూ ఉండేది. చెట్లు, రాళ్ళు, ఎగిరే కొంగలు అన్నీ సగం నిజంలా, సగం కలలా కనపడేవి. ఆ ఒడ్డునే ఒక మద్దిచెట్టు వేళ్ళ కింద పోలమ్మ అనే ముళ్ళపంది బొరియ ఉంది.

ఆ అడవిలో ఒక పద్ధతి ఉండేది. వేరే చోటికి వెళ్ళిపోయేవాళ్ళు తమ ఇల్లు ఇంకొకరికి అమ్మేవాళ్ళు. కొన్నవాళ్ళు బదులుగా ఒక వానాకాలానికి సరిపడా దుంపలు ఇచ్చేవాళ్ళు. పోలమ్మ కూతురు కొండ మీద కాపురముంటోంది. తనకిది తొలి కాన్పు, పక్కన అమ్మ ఉండాలని కబురు పెట్టింది. వానలు మొదలైతే వాగు పొంగి కొండదారి మూసుకుపోతుంది. ఈలోగా ఇల్లు అమ్ముడుపోవాలి. పోలమ్మకి తిన్నా, పడుకున్నా అదే ధ్యాస.

ఇళ్ళను ముస్తాబు చేయడంలో సింగారయ్య అనే గిజిగాడికి మంచి పేరుంది. పోలమ్మ అతన్ని పిలిచింది. అతను వచ్చి, తల అటూ ఇటూ తిప్పి, ఇల్లంతా చూసి పెదవి విరిచాడు. పిట్టకి పెదవి ఎక్కడిదని అడక్కండి, విరిచాడంతే. గోడల నిండా పిల్లల గోటిగీతలు. మూలన దుంప తొక్కలు. నేల మీద రాలిన ముళ్ళు. అన్నిటికీ మించి, గోడ చుట్టూ నల్లటి గీత ఒకటి.

అదేమిటని అడిగితే పోలమ్మ చెప్పింది. మూడేళ్ళ కిందట వరదొచ్చి, నీళ్ళు అంత ఎత్తున నిలబడ్డాయట.

"ముందు దాన్ని కప్పెయ్యాలి అక్కా," అన్నాడు సింగారయ్య. "ఇల్లు చూడ్డానికి వచ్చినవాళ్ళకి నువ్వు కనపడకూడదు. వాళ్ళ కల వాళ్ళకి కనపడాలి."

పోలమ్మకి మనసు చివుక్కుమంది. కానీ కూతురు గుర్తొచ్చి, సరేనంది.

మొదటి రోజు సింగారయ్య ఇల్లంతా ఊడ్చేశాడు. రెండో రోజు ఎర్రమట్టితో గోడలు అలికాడు. గోటిగీతలూ పోయాయి, వరదగీతా పోయింది. మూడో రోజు నేల మీద అడవిమల్లెలు పరిచాడు. పైన అటకలా ఉన్న గూటికి గడ్డితో తెర అల్లి కట్టాడు. గుమ్మానికి సాలెగూళ్ళు వేలాడదీస్తే, వాటిలో మంచుబొట్లు వణుకుతూ మెరిశాయి. సాయంకాలపు ఎండ లోపలికి వచ్చి ఎర్రటి గోడల మీద మెల్లగా కదిలింది. చుట్టాలొస్తున్నారంటే మనం విడిచిన బట్టలన్నీ మంచం కిందికి తోసేస్తామే, ఇదీ అలాంటిదే, కాకపోతే చాలా అందంగా ఉంది. మల్లెలు నలిగిపోతాయని సింగారయ్య పోలమ్మని లోపల పడుకోవద్దన్నాడు. ఆమె బయట పొద కింద పడుకుని, తన ఇంటిని తనే పరాయిదానిలా చూసుకుంది.

ముందు పునుగుపిల్లి వచ్చింది. ఎంత బాగుందో అంది, గాలి పీల్చింది, గబగబా వెళ్ళిపోయింది. తర్వాత ఒంటినిండా పొలుసులున్న అలుగు వచ్చింది. ఇంత అందమైన ఇల్లు చూడలేదంది, అదీ తిరిగి రాలేదు. పడమటి కొండల మీద మబ్బులు మాత్రం వచ్చి కూర్చున్నాయి.

మూడోసారి నూకాలు అనే కుందేలు వచ్చింది. నిండు చూలాలు. మల్లెల మీద కాసేపు ఒరిగి కళ్ళు మూసుకుంది. పోలమ్మ గుమ్మం దగ్గరే నిలబడి చూసింది. అంతలో నూకాలు చటుక్కున లేచి నిలబడింది.

"పిన్నీ, ఇల్లు కలలా ఉంది. కానీ నాకు భయమేస్తోంది," అంది. "ఇంత పెద్ద బొరియలో ఒక గోటిగీత లేదు, ఒక తొక్క లేదు, ఎవరి వాసనా లేదు. కొండచిలువ దూరి అందరినీ మింగేసిన ఇల్లు ఇలాగే ఉంటుందని మా అమ్మ చెప్పేది. ఇక్కడున్న పిల్లలు ఏమయ్యారు?"

మిగతా ఇద్దరూ ఎందుకు పారిపోయారో పోలమ్మకి అప్పుడు తెలిసింది. బయట కొమ్మ మీంచి సింగారయ్య రెక్క ఆడిస్తూ, పిల్లలు లేరని చెప్పెయ్యమని సైగ చేశాడు. పోలమ్మ అటు చూడలేదు. గోడ దగ్గరికి వెళ్ళి తన గోళ్ళతోనే మట్టి గీకింది. నల్లగీత బయటపడింది. దాని పైన చిన్న చిన్న గోటిగీతలు, అటక దాకా.

"వాగు ఇంతెత్తు వచ్చింది తల్లీ. నలుగురు పిల్లల్ని ఆ అటక మీదికి ఎక్కించి రెండు రోజులు కూర్చున్నాను. నలుగురూ బతికారు. కానీ నీళ్ళు మళ్ళీ రావని నేను చెప్పలేను. నీకు ఇష్టం లేకపోతే వెళ్ళిపో."

ఆ మాట అన్నాక పోలమ్మకి కళ్ళు చెమర్చాయి. కూతురి దగ్గరికి ఇక చేరలేననే అనుకుంది.

నూకాలు వెళ్ళలేదు. ఆ గీతను వాసన చూసింది. గడ్డితెర తప్పించి, బరువుగా అటక ఎక్కి కూర్చుంది. నీళ్ళు వచ్చే ముందు ఎలా తెలుస్తుందని అడిగింది. వాగు చప్పుడు బొంగురుపోతుందని, కప్పలు ఒక్కసారిగా అరుపు మానేస్తాయని, వెంటనే పైకి ఎక్కెయ్యాలని పోలమ్మ చెప్పింది.

"ఈ ఇల్లు నాకు కావాలి," అంది నూకాలు. "మిగతా మట్టి కూడా గీకేద్దాం పిన్నీ. ఆ గీత నా పిల్లలకి కనపడుతూ ఉండాలి."

సింగారయ్య రెండు రోజులు అలిగాడు. నూకాలు ఇచ్చిన దుంపలతో పోలమ్మ మంచులోంచి కొండెక్కింది. మర్నాడే వాన దిగింది. కూతురికి కాన్పు అయింది, మనవరాలు పుట్టింది. ఆ ఏడు వాగు ఎన్నడూ లేనంత పొంగిందని కొండ మీద అందరూ అన్నారు. పోలమ్మ రోజూ కొండ అంచుకి వచ్చి వాగు వైపు చూసేది.

దారి తెరుచుకోగానే పరుగున దిగివచ్చి బొరియలో తల పెట్టింది. గోడ మీద పాత గీతకి జానెడు పైన కొత్త గీత ఉంది. పోలమ్మ అటక వైపు తలెత్తి చూసింది.

అప్పుడు అటక మీద ఏదో కదిలింది. గడ్డిలోంచి మెల్లగా ఆరు చిన్న చెవులు, వాటి వెనక రెండు పెద్ద చెవులు పైకి లేచాయి.

నీతి: ఏదైనా ఇచ్చేటప్పుడు దాని అందం చూపించాలి, లోటు కూడా చెప్పాలి. మనం దాచకుండా చెప్పిన నిజమే తీసుకున్నవాళ్ళని కాపాడుతుంది.