మిగిలిన మలీదా

స్కానింగ్ కాగితం చేతికొచ్చిన దగ్గర్నుంచి మౌలాలికి కాలు ఒకచోట నిలవడం లేదు. దర్గా వాకిట్లో ఊడ్చిన చోటే మళ్లీ ఊడుస్తున్నాడు.

హెపటైటిస్ బి ఉందని తెలిసి తొమ్మిదేళ్లు. మాత్ర ఒక్కరోజు మానలేదు. ఇప్పుడు డాక్టరమ్మ కొత్త కబురు చెప్పింది. "వైరస్ అణిగే ఉంది. కానీ కాలేయానికీ, క్లోమానికీ కొవ్వు పట్టింది. వైరస్ ఊరుకున్నా ఈ కొవ్వు ఊరుకోదయ్యా, జాగ్రత్త!"

భయం పట్టలేక గురువు గౌస్ బాబా ముందు కూలబడ్డాడు.

"బాబా, చుక్క మందు ముట్టనివాణ్ణి. బీడీ వాసన కూడా గిట్టదు. ముప్ఫై ఏళ్లుగా ఈ దర్గా సేవే నా బతుకు. అల్లాకి నామీద ఎందుకింత కోపం?"

"గురువారం రానీరా" అన్నారు బాబా.

గురువారమంటే చదివింపులు. జనం రొట్టెలు నలిపి నెయ్యీ బెల్లమూ దట్టించిన మలీదా తెస్తారు. ఫాతెహా ప్రార్థన చదివాక కొంత దర్గాకు వదిలి వెళతారు. అది తబర్రుక్, అంటే ప్రసాదం. నేలపాలు చేయకూడదు. అందుకని పంచగా మిగిలిందంతా మౌలాలే తింటాడు. ఎన్ని పళ్లేలు మిగిలితే అన్నీ! తనంత నిష్ఠ ఎవరికుందని లోలోపల కాస్త గర్వం కూడాను.

ఆ సాయంత్రం రెండు పళ్లేలు మిగిలాయి. మౌలాలి అలవాటుగా బాసింపట్టు వేసుక్కూర్చున్నాడు.

బాబా వచ్చి ఒక పళ్లెం అందుకున్నారు. చిటికెడు తీసి కళ్లకద్దుకుని నోట్లో వేసుకున్నారు. మిగతాది పట్టుకుని తిన్నగా చెత్త డ్రమ్ము వైపు నడిచారు.

మౌలాలి ఒక్క ఉరుకున వెళ్లి పళ్లెం పట్టుకున్నాడు.

"అయ్యయ్యో బాబా! తబర్రుక్ చెత్తలో పోస్తారా! పాపం కాదూ?"

"ఎక్కడో ఒకచోట పోయాలి కదరా."

"అక్కర్లేని చోట పోస్తే పారబోసినట్టే కదా బాబా!"

"పారబోసినట్టేనా?"

"ఆఁ, ముమ్మాటికీ!"

"మరి ఇన్నేళ్లుగా నువ్వెక్కడ పోస్తున్నావు?"

మౌలాలి చూపు పళ్లెం మీంచి తన పొట్ట మీదికి దిగింది.

రెండో పళ్లెం కూడా తీసుకుని, గేటు దాటి, ఆటోస్టాండులో ఎదురుచూస్తున్న జనం వైపు నడిచాడు.