ఒక్కరోజుకి తీసేసిన ముళ్ళకంప

...అందుకే ఇంత ఆలస్యమైంది పిల్లలూ, ఏమీ అనుకోకండి. ఆదివారం చెప్తానన్న కథ గురువారానికి వచ్చింది. ఫోన్లో రికార్డు చెయ్యడం రెండుసార్లు మొదలుపెట్టాను, రెండుసార్లూ దగ్గొచ్చి చెరిపేశాను. సరే, వినండి.

అనగనగా ఒక రాళ్ళగుట్ట, దాని మీద ఒక చిన్న అడవి. అక్కడ ఉసిరికాయలుండేవి, దుంపలుండేవి, తేనె ఉండేది, అంతే. ఉప్పుమన్ను మాత్రం ఉండేది కాదు. అది నాకకపోతే జింకపిల్లల కాళ్ళకి బలం రాదు. ఆ మన్ను కింద ఏటి అడవి నించి రావాలి. గుట్టవాళ్ళు లేనివాళ్ళు కదా అని, ఏటివాళ్ళు పది బుట్టల మన్ను ఇచ్చి ఐదు బుట్టల ఉసిరికాయలే తీసుకునేవాళ్ళు.

గుట్ట ఎక్కడానికి ఒకటే దారి. ఆ దారికి కాపలా సూరమ్మ. సూరమ్మ అంటే ఏదుపంది, ఒళ్ళంతా ముళ్ళుంటాయే, అది.

ఈ కథ జరగడానికి ఏడేళ్ళ ముందు గుట్టమీద కార్చిచ్చు వచ్చింది. తేనెపట్టులన్నీ కాలిపోయాయి. అప్పుడు పెద్దలు కూర్చుని, "మన తేనెటీగలు కోలుకునేదాకా బయటి తేనె రానివ్వద్దు" అనుకున్నారు. సూరమ్మ దారికి అడ్డంగా ముళ్ళకంప వేసింది. వేరే సరుకొస్తే కాస్త పక్కకి జరిపేది, తేనె వస్తే మాత్రం జరిపేది కాదు. మంచి పనే. రెండేళ్ళకి తేనెటీగలు తిరిగొచ్చాయి. కంప మాత్రం అక్కడే ఉండిపోయింది. ఎవరూ తియ్యమనలేదు, సూరమ్మా అడగలేదు.

దాంతో ఎవరికి బాగుంది? దానయ్యకి. దానయ్య అంటే ఎలుగుబంటి, గుట్టమీద తేనె అమ్మేది ఆయనొక్కడే. దొప్పెడు తేనెకి బుట్టెడు దుంపలు పుచ్చుకునేవాడు. ఆ తేనె కూడా చెయ్యి ముంచితే చేతికి అంటేది కాదు, అన్ని నీళ్ళు.

ఇప్పుడు అసలు సంగతి. ఆ చుట్టుపక్కల అడవులకి ఒక పద్ధతి ఉంది. నాలుగేళ్ళకోసారి అందరూ ఒక అడవికి వచ్చి కూర్చుంటారు. "మీరు దేన్ని రానిస్తారు, దేన్ని ఆపుతారు, ఎందుకు?" అని అడుగుతారు. శిక్ష వెయ్యడానికి కాదు. ఒకరి సంగతి ఒకరికి తెలిస్తే ఇచ్చిపుచ్చుకోడం తేలికవుతుందని. ఆ ఏడు గుట్ట వంతు వచ్చింది. జవాబు చెప్పాల్సింది సూరమ్మ.

ముందురోజు దానయ్య వచ్చాడు.

"సూరమ్మా, ఆ కంప రేపొక్కరోజు లోయలో పడెయ్యి. వాళ్ళు వెళ్ళాక మళ్ళీ వేసుకుందాం."

"అడిగితే ఏం చెప్పను మామా?"

"అన్నీ రానిస్తామని చెప్పు. చుట్టాలొస్తే ఇల్లు సర్దుకోమా? ఇదీ అంతే."

సూరమ్మకి అది సబబుగానే అనిపించింది. గుట్ట పరువు తన నోట్లోనే ఉందనుకుంది పాపం. తెల్లారేసరికి కంపంతా ఈడ్చి లోయలో పడేసింది.

అందరూ వచ్చారు. ఏటి అడవి నించి ముసలి కొంగ వచ్చింది. అడగడం ఆయన పని. జవాబులు ఆకు మీద ముక్కుతో గీసుకునేది కూడా ఆయనే.

"బయటి పళ్ళు వస్తే దారి సుంకం కింద ఏమన్నా పట్టుకుంటారా అమ్మా?"

"పదికి మూడు పట్టుకుంటామండీ." అది నిజమే.

"చింతపిక్కలో?"

"వాటికేమీ లేదండీ." అదీ నిజమే.

"మరి తేనె? రానిస్తారా?"

సూరమ్మ దానయ్య వైపు చూసింది. దానయ్య గడ్డం గోక్కుంటూ ఆకాశం చూస్తున్నాడు.

"రానిస్తామండీ. దారి చూశారుగా, ఏ అడ్డూ లేదు."

కొంగ సంతోషంగా గీసుకుంది. "బాగుందమ్మా. కార్చిచ్చు నించి పూర్తిగా కోలుకున్నారన్నమాట. మరి ఉప్పుమన్నుకి సగమే పుచ్చుకునే ఆ సగం విడుపు కష్టంలో ఉన్నవాళ్ళకి కదా, ఇక మీకెందుకు? వచ్చే నెల నించి పది బుట్టలకి పది బుట్టలు ఇచ్చెయ్యండి. తేనెటీగల పెంపకం నేర్పడానికి ఒకణ్ణి పంపుదామనుకున్నాం, అదీ అక్కర్లేదు."

వెనక వరసలో ఇద్దరు పిల్లల్తో కూర్చున్న జింక చినవేణి లేచి నిలబడింది. ఐదు బుట్టల ఉసిరికాయలకే గుట్టంతా ఎలా తిరుగుతారో సూరమ్మకి తెలుసు.

"అయ్యా, ఆ ఆకు ఆపండి" అంది సూరమ్మ. "నేను అబద్ధం చెప్పాను. కంప ఉంది. పొద్దున్నే లోయలో పడేశాను."

"దీనికేదో ఎండదెబ్బ తగిలినట్టుంది" అన్నాడు దానయ్య.

కొంగ ఆయన వంక చూడలేదు. "కంప ఎందుకు వేశారమ్మా?"

"మా తేనెటీగలు కాలిపోయాయండీ."

"మళ్ళీ ఎప్పుడొచ్చాయి?"

"ఐదేళ్ళయింది."

"మరి ఐదేళ్ళుగా ఎవరి కోసం ఉంది?"

"దానయ్య మామ కోసం" అంది.

అందరూ నవ్వారు. ఆ నవ్వులోనే సూరమ్మ ఇంకో మాట కూడా అనేసింది. "మమ్మల్ని అడిగారు, బాగుంది. ఒక్క కాయకి మచ్చ ఉందని మా ఉసిరికాయల బుట్ట మొత్తం మీరెందుకు తిప్పి పంపుతున్నారు? అది కూడా గీసుకోండి."

కొంగ గొంతు సవరించుకుంది. "గీసుకుంటానమ్మా. ఏటికెళ్ళి జవాబు తెస్తాను."

చివరికి ఏం తేల్చారంటే, కంప ఒక్కసారిగా తియ్యక్కర్లేదు. మూడు వానాకాలాల్లో కొంచెం కొంచెంగా తియ్యాలి. తేనె పని దానయ్యకే కాక అందరికీ నేర్పేవాడు వస్తాడు. గుట్టవాళ్ళ లేమి ఇంకా తీరలేదు కాబట్టి సగం విడుపు ఉంటుంది. కానీ ఒకసారి అబద్ధం విన్నారు కాబట్టి, ఈసారి ఏటివాళ్ళలో ఒకరు వచ్చి కంప సంగతి కళ్ళతో చూసుకున్నాకే ఉప్పుమన్ను బయల్దేరుతుంది.

అలా మన్ను ఒక నెల ఆలస్యమైంది. ఆ నెలంతా చినవేణి పిల్లలు ఉత్త రాళ్ళు నాకారు. చిన్నది వాగు దాటలేక రెండుసార్లు పడింది.

"మొదటే చెప్పుంటే ఈ నెల ఉండేది కాదుగా సూరమ్మా" అంది చినవేణి. కోపంగా అనలేదు.

సూరమ్మ లోయలోకి దిగింది. చూడ్డానికొచ్చేవాళ్ళకి కనబడేలా ఆ కంపంతా ఒక్కతే మళ్ళీ పైకి ఈడ్చుకొచ్చి, ఉన్నచోటే పెట్టింది. ఆ తర్వాత...

ఆఁ, వస్తున్నా అత్తయ్యా. పిలుస్తున్నారు పిల్లలూ, వెళ్ళాలి. ఇది మాత్రం వినండి.

నీతి: మన ఇబ్బంది ఉన్నదున్నట్టు చెప్పుకుంటేనే సాయం సరిగ్గా అందుతుంది, పరువు కోసం దాస్తే, ఆ కష్టం ముందు మన పిల్లల మీదే పడుతుంది.