కొత్వాలు గారి పంక్తి

కోట వీధి పూటకూళ్ళింట్లో మొగుడు వండితే చెల్లాయమ్మ వడ్డించేది. రోజూ కొత్వాలు వచ్చి కూలీల పంక్తిలో కూర్చుని, గబగబా తిని లేచిపోయేవాడు. పంక్తిలో పెద్ద లేస్తే అందరూ లేవాలన్నది ఆచారం. లేవనివాడికి కొరడా దెబ్బలు. పొద్దుటినుంచి రాళ్ళు మోసినవాళ్ళు అర్ధాకలితో విస్తళ్ళు మడిచేవారు. తను లేస్తే అందరూ లేవడం ఆ పెద్దమనిషికో ముచ్చట.

చెల్లాయమ్మకు కడుపు మండిపోయింది. ఒకనాడు కొత్వాలుకు ఎదురెళ్ళి, "తమంతటివారికి కూలీల పక్కన కూర్చునే ఖర్మేమిటి బాబూ? తమకని వేరే పంక్తి వేశాను" అంది.

ఆయన పొంగిపోయి ఆ ఒంటి విస్తరి ముందు కూర్చున్నాడు. తిని లేచాడు. కూలీలెవరూ కదల్లేదు.

"ఆచారం మరిచార్రా? లేవండి" అని అరిచాడు.

"మరవలేదు బాబూ. తమ పంక్తి మొత్తం లేచింది" అంది చెల్లాయమ్మ, కూలీలకు మారన్నం వడ్డిస్తూ. "వీళ్ళ పంక్తికింకా మజ్జిగ రాలేదు."