తిరిగొచ్చే పెట్రోలు

"నన్ను గెలిపించండి. మీ ఊరినుంచి టౌను ఆస్పత్రికి పదిహేను నిమిషాల్లో చేరుస్తాను. చేర్చకపోతే నా పేరు మార్చుకుంటాను!"

ఎన్నికల ముందు సుందరరామయ్య చురుకుపాడు వాగు ఒడ్డున, జీపు మీద నిలబడి, గుండె మీద చెయ్యేసుకుని చెప్పిన మాట ఇది. గెలిచాక వాగు మీద వంతెన రాలేదు గానీ, ఆయన పేరు మాత్రం నిజంగానే మారింది. అంతకుముందు వట్టి సుందరరామయ్య. ఇప్పుడు గౌరవనీయులు, మాన్యశ్రీ, ప్రజాబంధు సుందరరామయ్య.

చురుకుపాడు వాళ్ళకు తమ తెలివి మీద మహా గర్వం. పక్క ఊళ్ళవాళ్ళు నాయకుల మాటలు వింటారు, చప్పట్లు కొడతారు, మర్చిపోతారు. వీళ్ళు అలా కాదు. విన్నదాన్ని విన్నట్టే పట్టుకుంటారు. అక్షరం వదలరు. అందరిలోకీ గట్టిగా పట్టుకునేవాడు మాలకొండయ్య. ఏ పార్టీ మీటింగు జరిగినా ముందు వరసలో కూర్చుని నినాదాలన్నీ నేర్చుకొచ్చేవాడు. ఏ నినాదం ఏ పార్టీదో, దేని గురించో ఆయనకు అనవసరం. గట్టిగా అరవడానికి వీలుగా ఉంటే చాలు. ఆయన తమ్ముళ్ళు ఇద్దరు. ఓబులేసు లెక్కల మనిషి, అంటే వేళ్ళు మడిచేవాడు. పేరయ్య ఆలోచనల మనిషి, అంటే తల గోక్కునేవాడు.

వాళ్ళ తల్లి వెంగమ్మకు రెండు కళ్ళలోనూ పొరలు కమ్మాయి. కంచంలో అన్నం ఎక్కడుందో వేళ్ళతో వెతుక్కుంటోంది. టౌను ఆస్పత్రిలో శుక్రవారం పొద్దున పదింటికి మొదటి కంటికి ఆపరేషను. ఆ వేళకు చేరకపోతే ఆమె వంతు ఇంకొకరికి ఇచ్చేస్తారు. వాగు దాటితే టౌను దగ్గరే. దాటకుండా వెళ్ళాలంటే కొండ మీదుగా చుట్టుదారి, ఎద్దుల బండికి పూటంతా పడుతుంది.

"వంతెన ఏదిరా అని ఆ మహానుభావుణ్ణి అడిగి రండి" అన్నది వెంగమ్మ.

ముగ్గురూ వెళ్ళి అడిగారు. ప్రజాబంధువు నవ్వాడు. "వంతెన అన్నానా? పదిహేను నిమిషాలన్నాను. కొండదారి ఉంది కదయ్యా. వేగంగా వెళ్ళండి, చేరతారు."

మాలకొండయ్య లెంపలు వేసుకున్నాడు. నిజమే! ఆయన వంతెన అననే లేదు!

"మాట తప్పింది ఆయన కాదురా. నెమ్మదిగా నడిచింది మనం" అన్నాడు తమ్ముళ్ళతో. అంత పెద్దమనిషిని అనుమానించినందుకు ఆయనకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ముగ్గురూ ప్రజాబంధువు కాళ్ళకు దణ్ణం పెట్టుకుని వచ్చేశారు.

ఇంకేముంది, వేగంగా పోయే కారు కోసం వేట మొదలైంది. టౌన్లో కారు పందేల పిచ్చి ఉన్న ఒకాయన తన పాత కారు అమ్మకానికి పెట్టాడు. ఎర్రరంగు, నేలకు రాసుకునేంత కిందికి ఉంది, వెనక పెద్ద రెక్క, లోపల ఇంజనులోకి గాలి తోసే టర్బో. ముగ్గురూ మురిసిపోయి, ఉన్న ఎద్దుల్ని బండితో సహా ఇచ్చేసి, కారు తెచ్చుకున్నారు.

చదునులో కారు బాణంలా పోయింది. కొండ ఎక్కేటప్పుడు గట్టిగా తొక్కగానే దగ్గింది, ఎగిరింది, ఆగిపోయింది. మెకానిక్కు చూసి చెప్పాడు: "టర్బో గాలిని ఎక్కువ తోస్తోంది. అంత గాలికి సరిపడా పెట్రోలు అందట్లేదు. ట్యాంకులో పంపు చాలదు. బలమైన పంపు వేయించండి."

"గాలి ఎక్కువ, పెట్రోలు తక్కువ" అని పేరయ్య తల గోక్కున్నాడు. "పెట్రోలు పెంచడమెందుకన్నా? గాలి తగ్గిస్తే పోలా?"

అంతే. కారు అద్దాలన్నీ పైకెత్తారు. సందుల్లో తువ్వాళ్ళు కుక్కారు. ఎర్రటి ఎండలో కొండెక్కారు. కారు మళ్ళీ అక్కడే ఆగింది. తలుపు తీస్తే గాలి జొరబడుతుందని ముగ్గురూ లోపలే కూర్చున్నారు. గొర్రెలు కాసుకునే నాసరయ్య వచ్చి అద్దం మీద కొట్టి, "బతికున్నారా?" అని అరిచాడు.

"తగ్గుతోంది! గాలి బాగా తగ్గుతోంది!" అన్నాడు పేరయ్య, నాలుక బయటపెట్టి.

నాసరయ్య రాయి తీసుకుని అద్దం పగలగొట్టాడు గనక సరిపోయింది. లేకపోతే చురుకుపాడు తెలివి ఆ రోజే అంతరించేది.

మర్నాడు ముగ్గురూ టౌన్లో కారు సామాన్ల షాపుకు వెళ్ళారు. షాపాయన రెండు పంపులు బల్ల మీద పెట్టాడు. "మీ కారుకి ఇది సరిపోతుంది. గంటకి రెండొందల యాభై అయిదు లీటర్లు పంపుతుంది."

ఓబులేసు వేళ్ళు మడిచాడు. వేళ్ళు చాలక పేరయ్య వేళ్ళు కూడా మడిచాడు. మొహం పాలిపోయింది. "అన్నా! మన ట్యాంకులో పట్టేది నలభై! ఊరి పొలిమేర దాటేలోపల మొత్తం తాగేస్తుంది! ఇది పంపు కాదు, రాక్షసి!"

"అంతా తాగదయ్యా" అన్నాడు షాపాయన. "ఇంజను తనకు కావలసినంతే వాడుకుంటుంది. వాడకుండా మిగిలింది ఇంకో పైపులోంచి ట్యాంకులోకి తిరిగొచ్చేస్తుంది."

"తిరిగొస్తుందా?" అన్నాడు మాలకొండయ్య.

"వస్తుంది."

"పోయిన పెట్రోలు?"

"వాడని పెట్రోలు."

"దానంతటది?"

"దానంతటదే. దారి తెలుసు దానికి" అని షాపాయన విసుక్కున్నాడు.

మాలకొండయ్య పంపును చేతిలోకి తీసుకుని కళ్ళకద్దుకున్నాడు. ఆయన జీవితంలో ఇచ్చినవేవీ తిరిగి రాలేదు. ఇచ్చిన ఓటు రాలేదు. ఇచ్చిన అర్జీ రాలేదు. ఈ ప్రపంచంలో తిరిగొస్తానని చెప్పి వచ్చేది ఒకటి ఉందంటే, అది పెట్రోలన్నమాట!

"ఆ రెండోది ఎంత పంపుతుంది?" అన్నాడు.

"నాలుగొందల యాభై. అది మీకొద్దు. మీ తిరుగు పైపు సన్నం. అంత ఒత్తిడికి ఊడిపోతుంది."

"చిన్న పంపు తక్కువ పంపుతుంది, తక్కువ తిరిగొస్తుంది. పెద్ద పంపు ఎక్కువ పంపుతుంది, ఎక్కువ తిరిగొస్తుంది. అవునా కాదా?"

"అవుననుకోండి, కానీ..."

"విన్నారట్రా! ఎక్కువ తిరిగొచ్చేది లోపల దాచుకుని, తక్కువ తిరిగొచ్చేది మన మొహాన కొడుతున్నాడు! పల్లెటూరివాడికి చిన్న పంపా? పట్నంవాడికి పెద్ద పంపా?" మాలకొండయ్య పిడికిలి లేచింది. "పంపుల్లో అసమానత..."

"నశించాలి!" అన్నారు తమ్ముళ్ళు.

"పెద్ద పంపు..."

"మా హక్కు!"

షాపు ముందు జనం మూగారు. షాపాయన రెండు చేతులూ జోడించి, "తీసుకుపోండి బాబూ. ఒక్క మాట మాత్రం గుర్తుపెట్టుకోండి. పంపు ఎప్పుడూ పెట్రోల్లో మునిగే ఉండాలి. పొడిగా ఉంచి తిప్పారో, కాలిపోతుంది" అన్నాడు.

'ఎప్పుడూ' అన్నాడు. చురుకుపాడు వాళ్ళు అక్షరం వదలరు. ఇంకేముంది, షాపు మెట్ల మీదే బకెట్టు పెట్టి, నిండా పెట్రోలు పోసి, పంపును ముంచారు. ఆ బకెట్టుతో బస్సెక్కారు. కండక్టరు వాసన చూసి విజిలేశాడు.

"ఏంటది?"

"పంపు స్నానం చేస్తోంది సార్" అన్నాడు పేరయ్య.

కొండెక్కని ఆ బస్సు వాళ్ళను కొండ మొదట్లో దింపేసి వెళ్ళిపోయింది. మిగతా దారంతా పేరయ్య బకెట్టు నెత్తిన పెట్టుకుని నడిచాడు. ఎండకు పెట్రోలు వేడెక్కుతుందని ఓబులేసు పక్కనే నడుస్తూ విసనకర్రతో విసిరాడు. ఊళ్ళోకి వచ్చేసరికి జనం ఎదురొచ్చి హారతి పళ్ళెం తెచ్చారు. వెంగమ్మ వాసన పసిగట్టి, కర్రతో పళ్ళేన్ని ఎగరగొట్టింది గనక ఊరు మిగిలింది.

"చూపు లేకపోతే మర్యాద కూడా తెలీదు" అని మాలకొండయ్య నొచ్చుకున్నాడు.

పంపు వేయడానికి మళ్ళీ మెకానిక్కెందుకు? పాతది తీసిన చోట కొత్తది పెట్టారు. బ్యాటరీ నుంచి నేరుగా తీగ కలిపారు. శుక్రవారం తెల్లవారింది. ట్యాంకు నిండుగా పెట్రోలు పోశారు. వెంగమ్మను ముందు సీట్లో కూర్చోబెట్టారు. పంపు గుయ్యిమంది. మాలకొండయ్య స్టీరింగు పట్టుకుని, కదలకుండా కూర్చున్నాడు.

"కారు కదలట్లేదేంరా పెద్దోడా?" అన్నది వెంగమ్మ.

"ఇంజను స్టార్టు చెయ్యలేదమ్మా."

"ఎందుకని?"

"స్టార్టు చేస్తే పెట్రోలు వాడేస్తుంది. వాడింది తిరిగి రాదంట. వాడనిదే తిరిగొస్తుందంట. ఇలా అయితే చుక్క కూడా పోదు. నాలుగొందల యాభై లీటర్ల పంపుకి ఖర్చు సున్నా!"

"మరి నేను ఆస్పత్రికి చేరేదెలారా?"

మాలకొండయ్య జాలిగా నవ్వాడు. పాపం, చదువులేని మనిషి. "నెడతామమ్మా!"

అంతే. ఊరు ఊరంతా కదిలింది. ముందు డప్పు, వెనక నినాదాలు. దేశాన్ని ముందుకు నడిపిస్తామని చెప్పేవాళ్ళను చూశాం గానీ, నిజంగా దేన్నైనా ముందుకు నెట్టింది ఆ ఒక్క రోజే చూశాం. పంపు గుయ్యిమంటోంది, జనం రొప్పుతున్నారు, కారు నత్తలా కొండదారి ఎక్కుతోంది. వాగు వంపు దగ్గరికి రాగానే కింద టప్పుమని చప్పుడైంది. సన్నటి తిరుగు పైపు ఊడిపోయింది. పెట్రోలు ధారగా రోడ్డు మీద పడి పల్లానికి పారింది.

"అన్నా, పోతోంది!" అని ఓబులేసు గావుకేక పెట్టాడు.

"పోనీ. పోతేగా తిరిగొచ్చేది" అన్నాడు మాలకొండయ్య. "ఎవరూ అడ్డం రాకండి! దానికి దారి తెలుసు!"

వెంగమ్మ ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని తలుపు తీసింది. కాలితో నేలను వెతుక్కుని దిగింది. "ఒరే, ఎవడైనా బీడీ వెలిగించారంటే ముందు నా కర్రతో చస్తారు. నేను వాగు దాటి పోతున్నా."

"అమ్మా, ఆగు!" మాలకొండయ్య పరుగున వచ్చి అడ్డం నిలబడ్డాడు. "నడిచి వెళ్తే గంటపైన పడుతుంది! పదిహేను నిమిషాల్లో చేరుస్తామని ఆయన మాటిచ్చాడు. నువ్వు ఆలస్యంగా చేరితే ఆయన పరువేం కావాలి?"

వెంగమ్మ కర్ర ఎక్కడ తగిలిందో చెప్పడం బాగుండదు. వానలు ఇంకా ఊపందుకోలేదు, వాగులో మోకాలి లోతు నీళ్ళున్నాయి. బట్టలుతుక్కుంటున్న ఆదెమ్మ ఆమె చెయ్యి పట్టుకుని దాటించింది. అవతల పాలవ్యాను ఎక్కించింది. పది కొట్టేసరికి వెంగమ్మ ఆస్పత్రి బల్ల మీద కూర్చుని ఉంది.

మర్నాడు అదే దారిన నల్ల కళ్ళద్దాలతో తిరిగొచ్చింది. వాగు వంపు దగ్గర కారు అక్కడే ఉంది. ట్యాంకు మూత తెరిచి ఉంది. ముగ్గురు కొడుకులూ రోడ్డు మీద బాసిపట్లు వేసుకుని, ఎండిపోయిన మరక వైపు చూస్తూ కూర్చున్నారు.

వెంగమ్మ అద్దాలు తీసి, బాగైన కంటితో ఒక్కొక్కణ్ణీ చూసింది. "చూపు రాగానే మొదట దేవుడి మొహం చూడమన్నదిరా ఆస్పత్రి నర్సమ్మ. నా ఖర్మ, మీ మొహాలు చూస్తున్నా. ఏం చేస్తున్నారిక్కడ?"

"పెట్రోలు కోసం చూస్తున్నాం. మూసి ఉంటే వెనక్కి పోతుందని మూత తీసి పెట్టాం" అన్నాడు ఓబులేసు.

"ఆరిపోయింది కదరా."

"ఆరిపోలేదమ్మా. బయల్దేరింది" అన్నాడు పేరయ్య.

వెంగమ్మ రోడ్డు పక్క రాయి మీద కూలబడింది. "వినండ్రా. రెండో కంటికి అక్టోబరు ఏడున రమ్మన్నారు. అప్పటికి వాగు ఒడ్లు ఒరుసుకుని పారుతుంది. ఆదెమ్మ కాదు, ఏనుగు చెయ్యి పట్టుకున్నా నేను దాటలేను. కారు దండగ. ఎద్దులూ పోయాయి. మిగిలింది మీ నోళ్ళే. అరవడమైనా వచ్చు కదా మీకు? పోయి మాటిచ్చి ఎగ్గొట్టినవాడి ముందు కూర్చోండి. తేదీ చెప్పేదాకా లేవకండి."

మాలకొండయ్య తల ఎత్తాడు. అమ్మ మాట ఆయన గుండెల్లో సూటిగా దిగింది. మాటిచ్చి ఎగ్గొట్టినవాడి ముందు కూర్చోవాలి! ఇన్నాళ్ళూ ఇది ఎందుకు తట్టలేదు? ఆయన లేచి పిడికిలి బిగించాడు. కళ్ళు ఎర్రబడ్డాయి.

"ఎన్నాళ్ళీ సహనం? మాట తప్పినవాళ్ళను నిలదియ్యాల్సిందే! పిలవండ్రా ఊరినంతా!"

వెంగమ్మకు కొడుకు మీద మొదటిసారి ఆశ కలిగింది. డప్పులు మోగాయి. జెండాలు లేచాయి. ఊరంతా వచ్చింది. మాలకొండయ్య ముందు నడిచాడు, గట్టిగా, గర్వంగా. కారు చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి, పెట్రోలు ట్యాంకు ఎదురుగా బాసిపట్టు వేసుకుని కూర్చున్నాడు. ఊరంతా వెనకే కూర్చుంది.

"ఇక్కడ కాదురా! ఆ సుందరరామయ్య ఇంటి ముందు!" అని వెంగమ్మ అరిచింది.

"ఆయనేం చేశాడమ్మా? ఆయన పదిహేను నిమిషాలన్నాడు. తిరిగొస్తానని రానిది ఇదిగో, ఇది!"

సంగతి తెలిసి ప్రజాబంధువు ఎంతో సంతోషించాడు. ప్రజల న్యాయమైన పోరాటానికి తన పూర్తి మద్దతు ప్రకటించి, జీపులో ఒక పూలదండ పంపించాడు. దాన్ని కారు వెనక రెక్కకు వేశారు. మాలకొండయ్య లేచి, మెడ వంచి, ట్యాంకు మూతి దగ్గర నోరు పెట్టాడు. ఆయన గొంతు ఖాళీ ట్యాంకులో గంభీరంగా మోగింది.

"ఇదే మా ఆఖరి హెచ్చరిక! మా అమ్మ రెండో కన్ను నీ చేతుల్లో ఉంది. ఎక్కడికి పోయావు, ఎవరి కోసం పోయావు, ఎందుకు తిరిగి రాలేదు? నువ్వు స్వయంగా వచ్చి జవాబు చెప్పాలి. గడువు అక్టోబరు ఆరో తేదీ, సాయంత్రం అయిదు గంటలు!"