అర్జెంటు కోటు

కొండవాక జమీందారుకు ఓ తెల్లదొర "అర్జెంట్" అనే మాట నేర్పాడు. "నెట్టడం అనే అర్థమున్న పాత లాటిన్ మాటలోంచి పుట్టింది. ఆగలేని పనికే వాడాలి" అన్నాడు. జమీందారు ఆ పుట్టుపూర్వోత్తరాలు ఊరంతా చాటాడు గాని, చివరి ముక్క మరిచిపోయాడు. ఇక ప్రతి చీటీ మీదా అర్జెంటే!

దర్జీ మస్తానయ్యకు ఒక్కరోజే మూడు చీటీలొచ్చాయి. దొరకిచ్చే విందుకి తనకో కోటు, గుర్రానికి జీనుగుడ్డ, చిలక పంజరానికి ముసుగు. ఏది ఆలస్యమైనా ఊళ్లోంచి వెళ్లగొడతానని కబురు.

విందు పూట మస్తానయ్య మూట విప్పాడు. కోటుకి ఒకటే చెయ్యి ఉంది. జీనుగుడ్డా, ముసుగూ సగం సగమే.

"ఏమిట్రా ఇది?" అని జమీందారు గర్జించాడు.

"మూడూ అర్జెంటే కదా ప్రభూ! ఏదీ వెనకబడకుండా దీనికో కుట్టు, దానికో కుట్టు వేశాను. అర్జెంటంటే నెట్టడమని తమరే చాటారుగా, ముగ్గురు ఒకేసారి నెట్టుకొస్తే గుమ్మంలో ఇరుక్కోరూ?"

బయట దొర బండి ఆగింది. జమీందారుకి చెమటలు పట్టాయి. "చిలక ఆగుతుంది, గుర్రం ఆగుతుంది. కోటొక్కటే అర్జెంట్!"

"అలా చెప్పండి" అంటూ మస్తానయ్య మూట అడుగునుంచి రెండో చెయ్యి తీసి, నిలబడ్డపాటునే కుట్టేశాడు.

కోటు తొడుక్కుని జమీందారు పకపకా నవ్వాడు. "నీకు పట్టుపంచె ఇప్పిస్తాన్రా!"

మస్తానయ్య దండం పెట్టాడు. "ఆ పంచె చీటీ మీద మాత్రం అర్జెంటని రాయించండి ప్రభూ."